సెరంగో కొండల్లో అడ్డాకు బూజు, ఇప్పపువ్వు నలుపు, మూడాకుల దుంప: తెలిసినవాళ్లు చెప్పగలరు

గెడ్డవొడ్డు అడిగింది:

అందరికీ నమస్కారమండీ. మాది ఒడిశాలోని గజపతి జిల్లా గుమ్మ బ్లాకు. పర్లాకిమిడి నుంచి సెరంగో వైపు వెళ్తుంటే కొండల నడుమ ఒక లోయ ఉంది. అడుగున గెడ్డ, అంటే కొండవాగు, దాని రెండు గట్ల మీదా సవర గిరిజనుల ఊళ్లు. మహిళా సంఘం ఆడవాళ్లు ఏరుకొచ్చే అటవీ సరుకు లెక్కలు, అమ్మకం మేం చూస్తున్నాం. పై వాలు నిండా విస్తరాకులిచ్చే అడ్డతీగ, పొలాల గట్ల మీద ఇప్ప, గెడ్డవార కల్లు గీసే జీలుగు చెట్లు, రాతి వాలులో కొండచీపురు. కరక్కాయ కూడా ఉంది. చెట్లకు కొదవ లేదు, సరుకు మాత్రం చేతికొచ్చేసరికి పాడవుతోంది.

అడ్డాకు ఎండబెట్టి కట్టలు కట్టి పెడితే పది రోజుల్లో తెల్లబూజు పడుతోంది. కొన్ని కట్టలేమో విప్పగానే పొడిపొడి. ఇప్పపువ్వు నల్లబడి పులిసిన వాసన వస్తోందని వ్యాపారి రేటు కోస్తున్నాడు.

ఇంకొకటి ముఖ్యంగా అడగాలి. దుంపల తీగల్లో మూడాకులది ఒకటి, ఐదాకులది ఒకటి ఉన్నాయి. రెండింటికీ ముళ్లున్నాయి. పెద్దవాళ్లు మూడాకులది ముట్టొద్దంటారు, కుర్రాళ్లు రెండూ ఒకటే అంటారు. ఎలా గుర్తుపట్టాలి? ఇప్పగింజ నూనె తీశాక మిగిలే చెక్క చేపల చెరువులో ఎంత వెయ్యాలో, జీలుగు నారు పోసుకోవచ్చో లేదో కూడా చెప్పండి.

పాతపట్నం విస్తరి జవాబు:

అడ్డాకు సంగతి చెప్తానండీ. మీ రెండు బాధలకీ మూలం ఒక్కటే, ఆకు ఎప్పుడు ఆరిందో చూసుకోకుండా కట్ట కట్టడం.

ముందు కోత. ముదురు పచ్చగా, చేతికి దళసరిగా తగిలే ఆకే కొయ్యాలి. వేసవిలో వచ్చే లేతాకు చూడ్డానికి పెద్దగానే ఉంటుంది. ఎండితే అంచులు ముడుచుకుని ఈనె వెంట చీలిపోతుంది. ఆకును తొడిమతో సహా గిల్లాలి, తీగను కొడవలితో నరకొద్దు. చెట్టెక్కడం బద్ధకమై తీగను మొదట్లో నరికేసి కిందికి లాగేవాళ్లు ఉంటారు. ఆ ఒక్కరోజు పది మోపులొస్తాయి, తరవాత ఆ తీగ మళ్లీ అంత ఆకు పట్టడానికి ఏళ్లు పడుతుంది. ఒక తీగ మీద ఉన్న ఆకులో సగానికి మించి తీయకుండా తరవాతి తీగకి పోతే మళ్లీ ఏడాది అక్కడికే రావచ్చు.

కోసిన సాయంత్రమే ఆకులు విడదీసి, ఒక్క వరసగా, కిందివైపు పైకొచ్చేలా పరవండి. మంచి ఎండ ఉంటే మరునాడు తిరగెయ్యాలి. రెండు రోజులు చాలు. పూర్తిగా ఎండేదాకా వదిలెయ్యొద్దు. ఇంకా కాస్త వంగుతుండగానే ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన పలక, పలక మీద రాయి పెట్టి ఒక రాత్రి ఉంచితే చదునుగా వస్తుంది.

పరీక్ష ఇది. అడ్డాకు ఆవు గిట్టలా రెండు చీలికలుగా ఉంటుంది కదా. ఆ రెండు చీలికల్నీ దగ్గరికి మడవండి. టప్పున విరిగితే మితిమీరి ఎండింది. మడిచినట్టే ఉండిపోయి, చెంపకి ఆనిస్తే చల్లగా తగిలితే తడి ఉంది. గలగలమంటూ మెల్లగా విచ్చుకుంటే కట్టకట్టే సమయం. కట్టిన రెండోరోజు ఒక కట్ట మధ్యలోకి చెయ్యి దూర్చి చూడండి. వెచ్చగా ఉందంటే లోపల బూజు మొదలైనట్టే. వెంటనే విప్పి మళ్లీ ఆరబెట్టాలి, ఆ రోజైతే సరుకు దక్కుతుంది, వారం పోతే దక్కదు.

పొడిపొడి అయిన కట్టలు పారెయ్యకండి. సాయంత్రం విప్పి మంచు పడే చోట రాత్రంతా పరిచి, తెల్లారి ఎండ రాకముందే తీసేసి కుట్టుకోండి. మంచు లేని కాలంలో తడిగుడ్డ కప్పితే చాలు. నీళ్లు చిలకరించి అలాగే కట్ట కట్టారంటే మళ్లీ బూజే.

నిలవ నేల మీద వద్దు. వెదురు అటక, గోడకి జానెడు ఎడం. వానాకాలంలో పొయ్యి పైన అటక మీద పెట్టే పాత పద్ధతికి మించింది లేదు, పొగ పట్టిన కట్టకి పురుగు కూడా రాదు. కాకపోతే పొగవాసన ఉన్న విస్తరి పట్నం వ్యాపారి తీసుకోడు. ఊళ్లో వాడకానికే అది.

గెడ్డవొడ్డు:

పొయ్యి అటక మాట బాగుంది. మరి అట్ట అతికించి మిషన్ మీద నొక్కిన విస్తర్లకి కూడా బూజు వస్తోంది. వాటికి వాడిన ఆకు బాగానే ఉంటుంది మరి.

పాతపట్నం విస్తరి:

అది జిగురు తడి. మైదా జిగురు పలచగా కాచి దట్టంగా పూస్తే ఆకు, అట్ట రెండూ ఆ తడిని పీల్చుకుంటాయి. మిషన్ వేడికి పైపైన ఆరినట్టు కనిపిస్తుంది, వేడివేడిగా దొంతర పెట్టి ప్లాస్టిక్ సంచిలో కడితే లోపల చెమట పడుతుంది. జిగురు చిక్కగా కాచి పలచగా పూయండి. నొక్కిన విస్తర్లు అంచు మీద నిలబెట్టి పూర్తిగా చల్లారాక, ఒక పూట ఎండ చూపించి అప్పుడు ప్యాక్ చెయ్యండి. ఆకు మీద గోధుమరంగు మచ్చలు వస్తున్నాయంటే మిషన్ వేడి ఎక్కువైంది.

ఇంకో మాట. పురుగు పట్టకుండా పుస్తకాల బైండింగు జిగురులో మైలతుత్తం కలుపుతారు. ఎవరో చెప్పారని మీరూ కలిపేరు సుమా, అది విషం! అన్నం పెట్టుకుని తినే ఆకు అది.

కొండగాలి జవాబు:

ఇప్పపువ్వు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజాము నుంచి రాలుతుంది. రాలినప్పుడు లేత పసుపు తెలుపు, నిండా రసం. పువ్వు బరువులో అయిదింట నాలుగు వంతులు నీళ్లే. అంటే నాలుగైదు కిలోలు ఏరితే ఒక కిలో ఎండుపువ్వు. ఆ నీళ్లలో అంతా చక్కెరే కనుక ఎండ ఎక్కి బుట్టలో పువ్వు వేడెక్కితే గంటల్లో పులుస్తుంది. నల్లబడేది అందుకే.

పొద్దున్న తొమ్మిది పది లోపు ఏరడం ముగించాలి. బుట్ట నిండా కుక్కకుండా, ఇంటికి రాగానే వెదురు తడక మీద పలచగా పరవాలి. నేల మీద ఆరబోస్తే ఇసుక అతుక్కుంటుంది, వ్యాపారి చేత్తో పిసికి చూసి మొదట రేటు కోసేది దానికే. రోజుకి రెండు మూడుసార్లు కదపండి. రాత్రి మంచులో వదలకండి. మూడు నాలుగు రోజులకి ఇటుకరంగు గోధుమ వర్ణానికి వస్తుంది. అప్పుడు రెండు అరచేతుల మధ్య నలిపితే లోపలి కేసరాలు రాలిపోతాయి, చేట పట్టి చెరగాలి. ఒక పువ్వు గోటితో నొక్కి చూడండి. సాగి అంటుకుంటే ఇంకో రోజు ఎండ కావాలి, ఎండుద్రాక్షలా గట్టిగా వంగితే నిలవకి సిద్ధం. మూత బిగుసుకునే డ్రమ్ములో పెట్టి వాన మొదలయ్యాక పదిహేను రోజులకోసారి చెయ్యి పెట్టి చూడాలి, ఇప్పపువ్వు గాలిలో చెమ్మ ఇట్టే లాక్కుంటుంది.

చెట్టు కింద తుప్పలు, ఎండుటాకు తగలబెట్టడం మాత్రం మాన్పించండి. ఏరడం సులువవుతుందనే చేస్తారు, నిజమే. ఆ మంటకి కిందటేడు మొలిచిన ఇప్ప మొక్కలు మాడిపోతాయి. మీ లోయలో ముసలి ఇప్పలే తప్ప పిల్ల చెట్లు కనపడకపోతే కారణం అదే, పైగా గింజ కూడా ఏరేస్తాం కదా. చీపురుతో ఊడ్చినా చాలు. ఇంకా మంచిది పాత చీరలో, నైలాను వలో నాలుగు కర్రలకి నేల నుంచి అడుగెత్తున కట్టెయ్యడం. మట్టి అంటని పువ్వుకి రేటు వేరుగా ఉంటుంది. మీ వ్యాపారి బేరం ఆడేటప్పుడు గుర్తుంచుకోండి, 2020 మేలో కేంద్రం ఎండు ఇప్పపువ్వు మద్దతు ధర కిలోకి 30 రూపాయలు చేసింది.

గింజ జూన్, జూలైలో వస్తుంది. మొక్క కోసమైతే ఏరిన వారంలోనే నాటాలి, దాచిన గింజ మొలవదు. నూనెకైతే పెంకు కొట్టి పలుకు బాగా ఎండబెట్టాలి. చెమ్మ పలుకు గానుగాడితే నూనె చేదెక్కి పొయ్యి మీద పొగ చిమ్ముతుంది. ఊరి గానుగలో మూడున్నర, నాలుగు కిలోల గింజకి కిలో నూనె వస్తే బాగా వచ్చినట్టు.

చెరువుగట్టు:

ఆ గానుగలో మిగిలిన చెక్క గురించి నేను. ఇప్పచెక్కలో సాపోనిన్ అనే నురగ పదార్థం ఉంటుంది. చేప మొప్పల గుండా రక్తంలోకి పోయి ఎర్ర కణాలను పగలగొడుతుంది. చేపపిల్లలు వదిలే ముందు చెరువులోని పనికిరాని చేపల్ని తీసెయ్యడానికి దీన్ని వాడతారు. మోతాదు హెక్టారుకి, మీటరు లోతు నీళ్లకి 2500 కిలోలు, అంటే మీ లెక్కలో ఎకరానికి టన్ను. నీళ్లు అర మీటరే ఉంటే సగం చాలు. అందుకే ముందు నీళ్లు తగ్గించుకుని తరవాత చెక్క వెయ్యండి, ఖర్చు సగమవుతుంది. రాత్రి నానబెట్టి పొద్దున్న చెరువంతా సమంగా చల్లాలి. ఒక మూల కుమ్మరిస్తే చేప రెండో మూలకి పోయి బతుకుతుంది.

పిల్లలు వదలడానికి కనీసం రెండు మూడు వారాలు ఆగాలి. అనుమానముంటే ఒక తొట్టిలో ఆ నీళ్లు పట్టి నాలుగు పిల్లల్ని వేసి ఒక రోజు చూడండి. విషం విరిగాక అదే చెక్క ఎరువవుతుంది. తూము మాత్రం గట్టిగా మూసి ఉంచాలి. ఆ నీళ్లు గెడ్డలోకి పోతే దిగువ ఊళ్ల చేపంతా తేలుతుంది. పశువులకి దాణాగా పెట్టకండి.

దుంపలబుట్ట జవాబు:

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది దుంప సంగతి, చివరికొచ్చింది. మీ పెద్దవాళ్ల మాటే నిజం. మూడాకుల ముళ్లతీగని కొన్ని చోట్ల పులిదుంప అంటారు. అందులో డయాస్కోరిన్ అనే విషం ఉంది. గొంతు మంట, తలతిరుగుడు, వాంతులు, ఎక్కువైతే ఫిట్లు, ఊపిరి ఆడకపోవడం.

కుర్రాళ్లు ఒకటే అనుకోవడానికి కారణముంది. ఐదాకుల తీగకి కూడా మొదట్లో ముళ్లుంటాయి, పై కొసల్లో మూడే ఆకులుండటం కూడా మామూలే. ఒక్క ఆకు తెంపి చూసి తేల్చకూడదు. తీగ కింది నుంచి పైదాకా పది ఆకులు చూడండి. ఎక్కడో ఒకచోట ఐదు కనిపిస్తే ఐదాకులదే. రెండో గుర్తు, ఆకు తొడిమ దగ్గర చిన్న బుడిపె కాయలు. ఐదాకుల తీగకి వానాకాలం చివర ఆ కాయలు పడతాయి, పులిదుంపకి పడవు. మూడో గుర్తు తవ్వాక తెలుస్తుంది. పులిదుంప పైపైనే, గుత్తిగా, బుడిపెలు బుడిపెలుగా, ఒళ్లంతా వేళ్లతో ఉంటుంది. ఐదాకులది లోపలికి పొడుగ్గా దిగుతుంది. మొదటి రెండూ కలిస్తేనే తవ్వండి, మూడోదీ కలిస్తేనే తినండి. ఒక్కటి తేడా వచ్చినా వదిలెయ్యండి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, తవ్వేది నవంబరు తరవాత. అప్పటికి ఆకంతా రాలిపోయి ముళ్లకాడ మాత్రమే మిగులుతుంది. అందుకని సెప్టెంబరు, అక్టోబరులో ఆకు పచ్చగా ఉన్నప్పుడే తిరిగి, తినే తీగల మొదట్లో రంగు దారం కట్టి పెట్టుకోవాలి. దారం లేని తీగని ఎవరూ ముట్టకూడదని సంఘంలో ఒక మాట అనుకోండి.

కాయపెండలం కూడా మీ దగ్గర ఉండే ఉంటుంది. హృదయాకారపు ఒంటి ఆకు, ముళ్లు లేవు, తీగ నిండా గుండ్రటి కాయలు. ఒడియాలో పితాలు అంటారు. అడవిది బాగా చేదు. చెక్కు తీసి, పలచగా తరిగి, బూడిద వేసి ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. తరవాత బుట్టలో పెట్టి రాత్రంతా పారే నీళ్లలో ఉంచాలి. ముక్క నాలిక మీద పెట్టి చూసి చేదుంటే మళ్లీ అదే పని. ఎదురుబొదురు ఆకులుండి, ముళ్లు లేని పెండలం తీగల్లో మాత్రం ఉట్టినే ఉడకబెట్టుకు తినేవి ఉన్నాయి, కాకపోతే అవి మనిషి నడుంలోతున ఉంటాయి.

ఏ దుంప తవ్వినా పైభాగం, తీగ అంటుకున్న జానెడు ముక్క, తిరిగి అదే గోతిలో పెట్టి మట్టి కప్పండి.

కొండగాలి:

పులిదుంప కూడా ఉడికిస్తే తినొచ్చని విన్నానే. కరువు రోజుల్లో తిన్నారు కదా.

దుంపలబుట్ట:

తిన్నారు, కానీ ఉడికించి కాదండీ. ఆ విషం వేడికి పూర్తిగా చావదు, నీళ్లలోకి దిగి పోవాలి. పలచగా తరిగి, బూడిదా ఉప్పూ పట్టించి, బుట్టలో వేసి పారే గెడ్డలో రోజుల తరబడి ఉంచేవారు. ముక్క మందమైనా, నీళ్లు నిలిచి ఉన్నా విషం లోపలే ఉండిపోతుంది. ఆ చెయ్యి తిరిగిన ముసలమ్మలు చేసుకుంటే చేసుకోనివ్వండి. సంతలో అమ్మకానికి మాత్రం వద్దే వద్దు, కొన్నవాడికి ఏ దుంపో తెలియదు. ఎవరైనా తిని నోరు మండుతోందన్నారంటే ఇంటి వైద్యాలతో పొద్దు గడపకుండా మిగిలిన దుంప ముక్క పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి.

సలప నీడ జవాబు:

జీలుగు నారు పోసుకోవచ్చు, ఓపికుండాలి. ముందు చెయ్యి జాగ్రత్త. పండు గుజ్జులో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, చేతికి తగిలితే గంటల కొద్దీ దురద. పళ్లు గోనెసంచిలో వేసి, ఇసుక కలిపి, కాళ్లతో కాదు, కర్రతో మెదపండి. నీళ్లలో కడిగి గింజ తియ్యండి. రబ్బరు తొడుగులు లేకుండా ముట్టొద్దు. కడిగిన నీళ్లు పిల్లలాడే చోట పారబోయొద్దు. తాజా గింజే నాటాలి, మొలకకి నెలలు పడుతుంది. మొలవలేదని రెండో నెలలోనే సంచి బోర్లించేవాళ్లు ఎక్కువ. నీడ, తడి రెండూ కావాలి, అందుకే అది గెడ్డవార పెరుగుతుంది.

ఈ చెట్టు పదేళ్లు దాటాక పైనుంచి కిందికి ఒక్కో గెల వేసుకుంటూ వచ్చి, అట్టడుగు గెలతో చచ్చిపోతుంది. మొత్తం గెలలన్నీ కల్లుకి గీసేస్తే గింజే ఉండదు. చివరి రెండు గెలలైనా కాయకి వదలండి. పులియని రసం, అంటే నీరా, దింపి బెల్లం కాయాలంటే కుండ లోపల పలచగా సున్నం పూసి కట్టాలి, పొద్దెక్కకముందే దింపాలి. సున్నం ఎక్కువైతే బెల్లం నల్లబడి కారంగా ఉంటుంది, తక్కువైతే పులిసి పాకం గట్టిపడదు.

కొండచీపురు గురించి ఎవరూ రాయలేదు. జనవరి, ఫిబ్రవరిలో కంకి పచ్చదనం తగ్గుతుండగానే కొయ్యాలి. ముదిరితే ఇల్లు ఊడ్చినప్పుడల్లా పొడి రాలుతుంది, కొన్నవాడు మళ్లీ రాడు. పీకొద్దు, కొడవలితో కొయ్యండి. పీకితే దుబ్బు కదిలి వాలు మీది మట్టి కూడా జారుతుంది. వాన పడగానే దుబ్బు చీల్చి రెండు మీటర్లకొకటి నాటితే చాలు.

గెడ్డవొడ్డు:

చాలా ఉపకారం చేశారండీ. దారం మాట ఈ సెప్టెంబరుకే పెడతాం. నిన్న వెళ్లి చూశాం. ఒక తీగకి కింది నుంచి పైదాకా మూడే ఆకులు, కాడ నిండా ముళ్లు, బుడిపె కాయలు లేవు. పక్క ఆకులు రెండూ ఒకవైపు వంకరగా ఉన్నాయి.

ఒక్క చివరి సందేహం. విస్తర్లు, కరక్కాయ సరిహద్దు దాటించి ఆంధ్రలోని పాతపట్నం వైపు తీసుకెళ్తుంటే గేటు దగ్గర రవాణా కాగితం అడుగుతున్నారు.

దుంపలబుట్ట:

వంకర పక్కాకులన్నారు కదా, అది పులిదుంపే. దానికి దారం కట్టకండి, దారం తినేవాటికే.

పాతపట్నం విస్తరి:

కాగితం మీ ఊళ్లోనే పుట్టాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) ప్రకారం, మీరు తరతరాలుగా ఏరుకుంటున్న చిన్నతరహా అటవీ ఉత్పత్తి మీద ఏరుకునే, వాడుకునే, అమ్ముకునే యాజమాన్య హక్కు ఆ ఊరివాళ్లదే. 2012లో నియమాలు సవరించాక రవాణా పర్మిట్ ఇచ్చే పని గ్రామసభ వేసిన కమిటీది. కమిటీ తీర్మానం, ముద్ర, సరుకు పేరు, బరువు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి, తేదీ, ఇవన్నీ ఉన్న పుస్తకం అచ్చు వేయించుకుని నకలు మీ దగ్గర ఉంచుకోండి. సరుకు పేరు తెలుగులోనే కాక ఒడియాలోనూ రాయండి. అడ్డాకు అని రాస్తే గేటు దగ్గర అర్థం కాదు, సియాలి పత్ర అని ఉండాలి. కరక్కాయకి హరిడ, ఇప్పకి మహుల. ఇప్పపువ్వు బస్తాల కొద్దీ తీసుకెళ్లే పనైతే ఎక్సైజు వాళ్ల దగ్గర కూడా ముందే రాసివ్వండి, దానితో సారా కాస్తారు కనుక దాని దారి వేరు.

కరక్కాయ బస్తా కట్టే ముందు రెండు కాయలు ఒకదానికొకటి కొట్టి చూడండి. రాయిలా ఖణేలుమనాలి. మెత్తగా శబ్దమొస్తే లోపల ఇంకా తడి, ఆ బస్తా పాతపట్నం చేరేలోపు నల్లమచ్చ వేస్తుంది.